పెట్టె మీద రాయని పార్ట్స్: తక్కువ బడ్జెట్‌లో గేమింగ్ పీసీ గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

"గేమింగ్ పీసీ రెడీమేడ్‌గా కొనేయాలా, పార్ట్స్ తెచ్చుకుని అసెంబుల్ చేసుకోవాలా" అని ఎవరడిగినా నేను తిరిగి ఒక ప్రశ్న వేస్తాను. మీరు చూసిన ఆ రెడీమేడ్ సిస్టమ్‌లో ఏమేం పార్ట్స్ ఉన్నాయి, ఏ కంపెనీవి, ఏ మోడల్ నంబర్? ఇక్కడ చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే వాళ్ల చేతిలో ఉండేది ప్రకటనలోని ఒక్క లైను. "ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 1 టీబీ స్టోరేజ్, 8 జీబీ గ్రాఫిక్స్ కార్డ్, ఆర్‌జీబీ క్యాబినెట్." వినడానికి ఎంత బాగుందో చూడండి. ఈ పూట మనం ఎక్కువసేపు ఈ ఒక్క లైను దగ్గరే కూర్చుంటాం. ఇది చదవడం వస్తే కొనాలో అసెంబుల్ చేసుకోవాలో ఎవర్నీ అడగక్కర్లేదు, మీకే తెలిసిపోతుంది.

మొదటి ముక్క, ఐ7. ఏ ఐ7? ఇంటెల్ ఆ పేరు 2008 నుంచి వాడుతోంది. 2011లో వచ్చిన ఐ7-2600 కూడా ఐ7నే, 2017లో వచ్చిన ఐ7-7700కే కూడా ఐ7నే. ఆ 7700కేకి నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు). 2022లో వచ్చిన ఐ3-12100 అనే చిన్న ప్రాసెసర్‌కి కూడా సరిగ్గా అవే నాలుగు, ఎనిమిది, పైగా ఆటల్లో ఆ పాత ఐ7ని ఇది దాటేస్తుంది. అంటే ఐ3, ఐ5, ఐ7 అనే అంకె కన్నా దాని తర్వాత గీత పక్కన ఉన్న నంబర్ ముఖ్యం, అందులో మొదటి ఒకటి రెండు అంకెలు ఎన్నో తరానిదో చెబుతాయి. ఆ నంబర్ ప్రకటనలో లేదంటే మర్చిపోయి వదిలేశారని మాత్రం అనుకోకండి. (నవ్వులు)

చివర్లో ఉండే అక్షరాలు కూడా చూసుకోండి. ఇంటెల్‌లో 'ఎఫ్' ఉంటే ఆ ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉండవు, అంటే గ్రాఫిక్స్ కార్డ్ పెట్టకపోతే స్క్రీన్ మీద ఏమీ రాదు. గేమింగ్‌కి ఎలాగూ కార్డ్ పెడతాం కాబట్టి డబ్బు మిగుల్చుకోవడానికి ఎఫ్ మోడల్ మంచిదే, కాకపోతే రేపు కార్డ్ పాడై సర్వీసుకి ఇస్తే అన్నాళ్లూ కంప్యూటర్ మూలన కూర్చుంటుంది. అది తెలిసి కొనుక్కోండి.

రెండో ముక్క, 16 జీబీ ర్యామ్. ఇది ఒక స్టిక్కా, రెండు ఎనిమిదులా? చాలా రెడీమేడ్ సిస్టమ్స్‌లో ఒక్క 16 జీబీ స్టిక్ పెట్టి వదిలేస్తారు. అడిగితే "మీరు తర్వాత పెంచుకోవడానికి ఒక స్లాట్ ఖాళీగా ఉంచామండీ" అంటారు, అదేదో మనకి మేలు చేసినట్టు. మామూలు మదర్‌బోర్డ్‌లో ర్యామ్‌కి రెండు దారులుంటాయి, డ్యూయల్ ఛానెల్ అనేది దాన్నే. డీడీఆర్4 3200 ర్యామ్ ఒక స్టిక్ సెకనుకి 25.6 జీబీ డేటా పంపగలదు, రెండు స్టిక్కులు రెండు దారుల్లో ఉంటే 51.2 జీబీ. గ్రాఫిక్స్ కార్డ్ మీదే భారమంతా పడే ఆటల్లో ఈ తేడా పెద్దగా కనపడదు. ప్రాసెసర్‌కి పని ఎక్కువుండే ఆటల్లో, అంటే పెద్ద మ్యాపులు, వందమంది ఆటగాళ్లు ఉండే వాటిలో, మామూలుగా ఆడుతూ ఆడుతూ సరిగ్గా ఎవడో ఎదురొచ్చే సమయానికి టక్కున ఒక్క క్షణం ఆగుతుంది చూశారా, దానికి ఒంటి స్టిక్ ఒక కారణం అవుతుంటుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో ఆడేవాళ్లకైతే రెండు స్టిక్కులు తప్పనిసరి, ఎందుకంటే అక్కడ ఈ ర్యామే గ్రాఫిక్స్ మెమరీగా కూడా పనిచేయాలి.

1 టీబీ స్టోరేజ్ దగ్గర ఎక్కువ ఆగం. ఎస్‌ఎస్‌డీనా, హార్డ్ డిస్కా అని అడగండి. విండోస్, ఆటలు హార్డ్ డిస్క్ మీద నడిపే కాలం అయిపోయింది. ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ అంటే మంచిదే. సాటా అనే పాత రకం ఎస్‌ఎస్‌డీ అయినా ఆటలు లోడవడంలో మీకు పెద్దగా తేడా తెలియదు.

ఇక అసలు సంగతి, 8 జీబీ గ్రాఫిక్స్ కార్డ్. 8 జీబీ అనేది కార్డ్ మీదున్న మెమరీ ఎంతో చెబుతుంది, కార్డ్ ఎంత బలమైనదో చెప్పదు. 2017లో వచ్చిన ఆర్‌ఎక్స్ 580కి 8 జీబీ ఉంది, 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060కీ 8 జీబీయే ఉంది. రెండింటికీ మధ్య ఆరేళ్లు. మోడల్ పేరు చెప్పారనుకోండి, అప్పుడూ ఊపిరి పీల్చుకోకండి, ఒకే పేరుతో వేరు వేరు కార్డులు అమ్మడం ఈ వ్యాపారంలో మామూలే. ఆర్‌టీఎక్స్ 3060 మొదట 2021లో 12 జీబీతో వచ్చింది, దాని మెమరీ బస్, అంటే చిప్‌కీ మెమరీకీ మధ్య దారి వెడల్పు, 192 బిట్లు. తర్వాత అదే 3060 పేరుతో 8 జీబీది వచ్చింది, దానికి 128 బిట్లే. మెమరీ తగ్గింది, వేగమూ తగ్గింది, పేరు మాత్రం అదే. జీటీఎక్స్ 1060లో 3 జీబీ, 6 జీబీ అని రెండు వచ్చాయి, తేడా మెమరీ ఒక్కదానిలోనే అనుకుంటాం, కానీ 3 జీబీ దాంట్లో కోర్లు కూడా తక్కువ, 1280కి బదులు 1152. ఇక ఆర్‌ఎక్స్ 580 2048ఎస్‌పీ అని ఒకటుంది, అసలు 580కి 2304 షేడర్లు, అంటే బొమ్మ గీసే చిన్న కోర్లు, ఉంటే దీనికి 2048. ప్రకటనల్లో ఆ తోక ఎగిరిపోయి ఉత్త 580 మిగులుతుంది. కాబట్టి కార్డ్ పేరు, మెమరీ ఎంత, తయారు చేసిన కంపెనీ ఏది, ఈ మూడూ రాతలో తీసుకోండి.

ఇంతవరకు చెప్పినవి కనీసం ప్రకటనలో సగం సగమైనా ఉన్నవి. అసలు ఊసే ఎత్తనిది ఒకటుంది. మళ్లీ ఆ లైను చదువుతా, వినండి: ప్రాసెసర్, ర్యామ్, స్టోరేజ్, గ్రాఫిక్స్ కార్డ్, క్యాబినెట్. ఏం లేదు ఇందులో?

(ప్రేక్షకుల్లోంచి: "ఎస్‌ఎంపీఎస్!")

అదీ! ఎస్‌ఎంపీఎస్ లేదు, మదర్‌బోర్డ్ లేదు. క్యాబినెట్‌కి లైట్లున్నాయని మాత్రం చెప్పారు. పైన పటారం లోన లొటారం అని ఊరికే అన్నారా మరి.

ఎస్‌ఎంపీఎస్ గురించి కాస్త ఓపిగ్గా వినండి. గోడ ప్లగ్గు నుంచి వచ్చే కరెంటుని పార్ట్స్‌కి పనికొచ్చే చిన్న వోల్టేజీలుగా మార్చి పంచేది ఇదే. ఇది నాసిరకంది అయితే ఆడుతుండగా సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంది, మనం విండోస్‌ని తిడతాం, డ్రైవర్లు మారుస్తాం, ఫార్మాట్ కొడతాం, చివరికి చూస్తే దోషం ఇక్కడ ఉంటుంది. మరీ చవకదైతే పోతూ పోతూ మదర్‌బోర్డ్‌నో గ్రాఫిక్స్ కార్డ్‌నో వెంట తీసుకుపోవచ్చు. మరి దీన్ని చూసి ఎలా తెలుసుకోవాలి? పక్కన ఒక స్టిక్కర్ ఉంటుంది, అందులో వోల్టేజీల పట్టిక ఉంటుంది. పైన పెద్ద అక్షరాల్లో 500 వాట్స్ అని ఉన్నా మీరు మాత్రం 12 వోల్టుల గడిలోకి వెళ్లండి. అక్కడ 25 ఆంప్స్ అని ఉందనుకోండి, పన్నెండు ఇరవై అయిదులు మూడు వందలు, అంటే ఆ లైన్లో ఇవ్వగలిగేది 300 వాట్లే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ రెండూ తినేది ఈ 12 వోల్టుల నుంచే. మిగతా అంకెలన్నీ 3.3, 5 వోల్టుల్లో చూపించి కూడేసి 500 చేశారన్నమాట, ఇప్పటి కంప్యూటర్లకి వాటితో పెద్దగా పని లేదు. మంచి కంపెనీ 500 వాట్ల దాంట్లో దాదాపు మొత్తం పవర్ 12 వోల్టుల మీదే ఉంటుంది.

80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అని బొమ్మలు కనిపిస్తాయి కదా, అవి 2004లో మొదలైన సర్టిఫికేషన్‌వి. కరెంటు ఎంత వృథా కాకుండా మారుస్తుందో అవి చెబుతాయి, 115 వోల్టుల పరీక్షలో సగం లోడ్ మీద బ్రాంజ్‌కి 85 శాతం, గోల్డ్‌కి 90 శాతం ఉండాలి. లోపలి పార్ట్స్ ఎన్నాళ్లు మన్నుతాయో, ఏదైనా తేడా వస్తే దానంతటది ఆగిపోయే రక్షణ సరిగ్గా ఉందో లేదో ఆ బొమ్మ చెప్పదు. నా మటుకు నేను వారంటీ ఎన్నేళ్లిచ్చారో చూస్తాను. అయిదేళ్లు, ఏడేళ్లు, పదేళ్లు ఇచ్చే మోడల్స్ ఉన్నాయి, వారంటీ ఊరికే ఇవ్వరు.

మదర్‌బోర్డ్ సంగతి ఇంకోరకం. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలత తెచ్చింది, స్క్రూ రంధ్రాలు ఎక్కడుండాలి, పవర్ కనెక్టర్ ఎలా ఉండాలి అన్నీ అందులో ఉంటాయి. ఈ కంపెనీ బోర్డ్ ఆ కంపెనీ క్యాబినెట్‌లో కూర్చుంటోందంటే దాని పుణ్యమే. కొన్ని పెద్ద బ్రాండ్లు తమ రెడీమేడ్ సిస్టమ్స్‌లో ఈ కొలత పాటించవు. మామూలు 24 పిన్నుల కనెక్టర్ బదులు తమ సొంతది పెడతాయి, బోర్డ్ ఆకారం మార్చేస్తాయి. ఇవాళ ఆడుకోవడానికి ఏ ఇబ్బందీ ఉండదు. మూడేళ్ల తర్వాత పెద్ద గ్రాఫిక్స్ కార్డ్ పెడదామని చూస్తే ఎస్‌ఎంపీఎస్ మార్చాలి, ఎస్‌ఎంపీఎస్ మారుద్దామంటే కనెక్టర్ కలవదు, బోర్డ్ మారుద్దామంటే క్యాబినెట్‌లో పట్టదు, చివరికి మొత్తం మార్చాల్సి వస్తుంది. విండోస్ కూడా సాధారణంగా ఆ బోర్డ్‌కే ముడిపడిన లైసెన్స్ అయ్యుంటుంది, బోర్డ్ మారితే అదీ పోతుంది.

ఇదంతా విని "అయితే అన్నా, ఎప్పుడైనా సరే అసెంబుల్ చేసుకోవడమే చవక" అంటారేమో, అలా ఏం లేదు. 2020 చివర్నుంచి 2022 వరకు గ్రాఫిక్స్ కార్డులకి ఎంత కరువొచ్చిందో గుర్తుందా? ఒకపక్క కోవిడ్, ఇంకోపక్క గ్రాఫిక్స్ కార్డులతో ఈథీరియం అనే డిజిటల్ కరెన్సీ సంపాదించే, అంటే మైనింగ్ చేసేవాళ్లు కార్డులు దొరికినవి దొరికినట్టు ఎత్తుకుపోయారు. విడిగా కార్డ్ కొనాలంటే అసలు ధరకి మించి అడిగేవాళ్లు. పెద్ద కంపెనీలకి మాత్రం ముందే కుదుర్చుకున్న ధరకి సరుకు వచ్చేది, దాంతో కార్డ్ ఒక్కటీ విడిగా కొనడం కన్నా కార్డున్న సిస్టమ్ మొత్తం కొనడమే లాభంగా ఉండేది. కొందరు సిస్టమ్ కొని, కార్డ్ తీసుకుని, మిగతాది అమ్మేసేవాళ్లు! 2022 సెప్టెంబర్‌లో ఈథీరియం మైనింగ్ పద్ధతికి స్వస్తి చెప్పింది, ఆ తర్వాత పాత కార్డులు కుప్పలుగా బయటికొచ్చాయి. మళ్లీ 2025 చివర్లో ర్యామ్‌కి పట్టుకుంది. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ అంతా అటు పోతోంది, ప్రపంచంలో ఎక్కువ మెమరీ చిప్పులు తయారు చేసేవి శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీలే, అందులో మైక్రాన్ అయితే మనలాంటి మామూలు కొనుగోలుదారులకి అమ్మే క్రూషియల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నానని 2025 డిసెంబర్‌లో ప్రకటించేసింది. ఇలాంటప్పుడు పాత ధరకి కొన్న ర్యామ్‌తో తయారై షాపులో ఉన్న రెడీమేడ్ సిస్టమ్ చవక పడినా పడొచ్చు.

అందుకే సలహాలు పక్కనపెట్టి కొనే రోజున లెక్క వేయండి. రెడీమేడ్ సిస్టమ్ పార్ట్స్ జాబితా ముందు పెట్టుకుని, ఒక్కోటీ విడిగా ఆ రోజు ఎంతుందో పక్కన రాయండి. విండోస్ లైసెన్స్ ధర కూడా వేయండి, అసెంబుల్ చేసుకునేవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది దాన్నే. కీబోర్డ్, మౌస్ ఇస్తుంటే అవీ కలపండి. మొత్తం కూడండి. రెడీమేడ్ ధర దానికంటే కాస్త ఎక్కువుండి, పార్ట్స్ అన్నీ పేరున్నవైతే, ఆ కాస్తా బిగించినందుకు, ఒకేచోట వారంటీ ఇచ్చినందుకు అనుకుని నిశ్చింతగా కొనేయండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. జాబితా ఇవ్వం, మాకు ఆ రోజు ఏది దొరికితే అది పెడతాం అంటే మాత్రం లేచి వచ్చేయండి.

ఇప్పుడు అసెంబుల్ చేసుకునేవాళ్ల సంగతి. మానిటర్ కాకుండా మీ దగ్గరున్న డబ్బు వంద అనుకుందాం. గేమింగ్ కోసమే అయితే అందులో నలభై దాకా గ్రాఫిక్స్ కార్డ్‌కే పోవాలి. ప్రాసెసర్‌కి పద్దెనిమిది, మదర్‌బోర్డ్‌కి పన్నెండు, ర్యామ్ ఎస్‌ఎస్‌డీ కలిపి పదిహేడు, ఎస్‌ఎంపీఎస్‌కి ఎనిమిది, క్యాబినెట్‌కి అయిదు. ర్యామ్ ధరలు మండుతున్నప్పుడు ఈ లెక్క మారుతుంది, అప్పుడు కార్డ్ ఒక మెట్టు దిగాల్సి రావచ్చు, ఎస్‌ఎంపీఎస్ మాత్రం దిగకండి. డబ్బు ఎక్కడ వృథా అవుతుందంటే, చిన్న ప్రాసెసర్‌కి లిక్విడ్ కూలర్, వాడని ఫీచర్లున్న ఖరీదైన బోర్డ్, లైట్లు వెలిగే ర్యామ్. ఆరు కోర్ల మామూలు ప్రాసెసర్‌కి డబ్బాలో వచ్చే కూలరో, ఒక సాదాసీదా టవర్ కూలరో చాలు.

మానిటర్‌ని ముందే నిర్ణయించుకోండి, ఎందుకంటే కార్డ్ చేయాల్సిన పని అదే నిర్ణయిస్తుంది. 1080పీ అంటే సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు, 1440పీ అంటే 36.9 లక్షలు, 4కే అంటే 82.9 లక్షలు. 4కే మానిటర్ ఆఫర్‌లో వచ్చిందని కొనేసి దానికి తక్కువ బడ్జెట్ కార్డ్ తగిలిస్తే నాలుగు రెట్లు పని దాని నెత్తిన పెట్టినట్టే. బడ్జెట్ తక్కువైతే 1080పీ దగ్గర ఉండండి.

బిగించడం అంటే చాలామందికి టెన్షన్. నిజానికి ఒక స్క్రూడ్రైవర్, ఒక ఖాళీ టేబుల్, ఒక సాయంత్రం ఉంటే చాలు. కనెక్టర్లన్నీ దేని ఆకారం దానిదే, తప్పు చోట బలవంతంగా నొక్కితే తప్ప తిరగేసి పెట్టడం కుదరదు. భయపడాల్సింది ఒక్కచోటే, ప్రాసెసర్ పెట్టేటప్పుడు. సాకెట్ అంటే బోర్డ్ మీద ప్రాసెసర్ కూర్చునే చోటు; ఏఎండీ కంపెనీ ఏఎం5, ఇప్పటి ఇంటెల్ సాకెట్లలో పిన్నులు బోర్డ్ మీద ఉంటాయి, జుట్టు కన్నా కాస్త లావు అంతే. ప్రాసెసర్ మూలనున్న చిన్న త్రిభుజం గుర్తు, సాకెట్ మూలనున్న గుర్తు కలిపి, పైనుంచి నిటారుగా దించి వదిలేయాలి. వేలితో నొక్కకూడదు, అటూ ఇటూ జరపకూడదు. ఆ తర్వాత మీట కిందికి నొక్కేటప్పుడు కాస్త గట్టిగానే ఉంటుంది, కిర్రుమంటుంది, ప్రాణం ఉసూరుమంటుంది, అది మామూలే, నొక్కేయండి.

అంతా బిగించాక ఆన్ కాలేదంటే కారణాలు ఎక్కువగా ఈ కాసినే. ఎస్‌ఎంపీఎస్ వెనకాల స్విచ్ వేయకపోవడం. ప్రాసెసర్‌కి విడిగా వెళ్లాల్సిన 8 పిన్నుల వైరు పెట్టకపోవడం, అది బోర్డ్ పైన ఎడమ మూలన క్యాబినెట్ నీడలో దాక్కుని ఉంటుంది. ర్యామ్ క్లిప్ టక్ మనే దాకా నొక్కకపోవడం. రెండు స్టిక్కులైతే ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్, నాలుగో స్లాట్ అని చాలా బోర్డుల్లో ఉంటుంది, మాన్యువల్ చూడండి. ఇంకోటి, ఏఎం5 బోర్డ్ మొదటిసారి ఆన్ చేస్తే డీడీఆర్5 ర్యామ్‌ని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, అంతసేపూ స్క్రీన్ నల్లగానే ఉంటుంది, ఫ్యాన్లు తిరుగుతుంటాయి. పాడైపోయిందని కంగారుపడి ఆఫ్ చేస్తారు, మళ్లీ మొదటికొస్తుంది. ఆఫ్ చేయకుండా టీ తాగి రండి.

బిగించడం అస్సలు వద్దనుకుంటే మధ్యలో ఒక దారుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. పార్ట్స్ జాబితా మీరు రాసుకోండి, మీరే కొనండి, బిల్లులు మీ పేరు మీదే ఉంచుకోండి, బిగించడానికి మాత్రం తెలిసినవాడికి డబ్బులివ్వండి. ఎంపిక మీది, వారంటీలు మీవి, చాకిరీ వాళ్లది. కొత్తవాళ్లకి నేను ఎక్కువగా చెప్పేది ఇదే.

(ఒక విద్యార్థి: "అన్నా, అంత బడ్జెట్ కూడా లేదు. సెకండ్ హ్యాండ్‌కి వెళ్లొచ్చా?")

వెళ్లొచ్చు తమ్ముడూ, కానీ చూసుకుని వెళ్లు. ఆఫీసుల్లో వాడి తీసేసిన బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లు చవకగా దొరుకుతాయి. వాటికి విడిగా పవర్ వైరు అవసరం లేని చిన్న గ్రాఫిక్స్ కార్డ్ తగిలించొచ్చు, బోర్డ్ మీది పెద్ద స్లాటే 75 వాట్ల దాకా ఇస్తుంది. ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ కార్డ్ 70 వాట్లతో సరిపెట్టుకుంటుంది. పాత ఆటలు, ఈస్పోర్ట్స్ ఆటలు 1080పీలో హాయిగా ఆడుకోవచ్చు. రెండు విషయాలు మాత్రం చూడాలి. ఒకటి, క్యాబినెట్ సన్నదైతే మామూలు ఎత్తు కార్డ్ పట్టదు, లో ప్రొఫైల్ కార్డ్ కావాలి. రెండు, విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి. అంతకన్నా పాతది ఎంత చవకగా ఇచ్చినా వద్దు. లైనక్స్‌తో నెట్టుకొస్తానంటే స్టీమ్ అనే ఆటల స్టోర్‌లోని ప్రోటాన్ (విండోస్ ఆటల్ని లైనక్స్‌లో నడిపేది) వల్ల ఇప్పుడు చాలా ఆటలు నడుస్తున్నాయి, అయితే వాలరెంట్, ఫోర్ట్‌నైట్ లాంటివి మాత్రం లైనక్స్‌లో రావు.

విడిగా పాత కార్డ్ కొంటే నీ కళ్ల ముందు ఒక ఆట అరగంట నడిపించమను. ఫ్యాన్ చప్పుడు విను, స్క్రీన్ మీద చుక్కలు, గీతలు వస్తున్నాయేమో చూడు. జీపీయూ-జడ్ అని ఉచిత ప్రోగ్రామ్ ఉంది, దాంట్లో కార్డ్ పేరు ముందు 'ఫేక్' అని వచ్చిందంటే పాత చిప్‌కి కొత్త పేరు రాసి అమ్ముతున్నారని అర్థం, అలాంటివి ఉన్నాయి. మైనింగ్‌లో వాడిందని చెబితే మాత్రం అంత హడలిపోనక్కర్లేదు, ఫ్యాన్లు, థర్మల్ పేస్ట్ అరిగి ఉంటాయి, అవి మార్చుకోవచ్చు, ధరలో ఆ మేరకు తగ్గించమను. ఎస్‌ఎంపీఎస్, హార్డ్ డిస్క్ మాత్రం సెకండ్ హ్యాండ్‌వి కొనొద్దు.

(ఇంకొకరు: "సార్, ఇదంతా ఎందుకు, గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకుంటే పోదా?")

మీరు ఊళ్లు తిరుగుతూ ఉండేవాళ్లయితే తీసుకోండి. ఒకచోటే పెట్టి ఆడేదానికి ల్యాప్‌టాప్ డబ్బు దండగ. ల్యాప్‌టాప్ 4060, డెస్క్‌టాప్ 4060 పేరొకటే కానీ ల్యాప్‌టాప్‌లో దానికి ఎంత కరెంటు ఇవ్వాలన్నది తయారీదారు ఇష్టం, అందుకని ఒకే కార్డ్ పేరున్న రెండు ల్యాప్‌టాప్‌లు కూడా ఒకేలా ఆడవు. పైగా కార్డ్ బోర్డ్‌కే అతికించి ఉంటుంది, మార్చే వీల్లేదు.

(ఒక అమ్మాయి: "ఏఎం4 పాతబడిపోయింది కదా, ఇప్పుడు తీసుకోవచ్చా?")

మంచి ప్రశ్నమ్మా. ఏఎం4 అంటే ఏఎండీ వాళ్ల ఏఎం5కి ముందటి సాకెట్, దాని చరిత్ర చూస్తే ముచ్చటేస్తుంది. 2017లో కొన్న కొన్ని బోర్డుల్లో బయోస్ (బోర్డ్‌లోనే ఉండి కంప్యూటర్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేసుకుని 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ పెట్టుకున్నవాళ్లున్నారు, అయిదేళ్ల తేడాతో. అప్‌గ్రేడ్ కోసమే అసెంబుల్ చేసుకోవడం అనేదానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఇప్పుడు కొత్తగా మొదలుపెడితే ఏఎం5 తీసుకుంటే ముందు ముందు దారి ఉంటుంది. కాకపోతే దానికి డీడీఆర్5 ర్యామే పెట్టాలి, ఆ ర్యామ్ ధర భరించలేనంత ఉంటే, ఎవరి దగ్గరైనా పాత డీడీఆర్4 స్టిక్కులు రెండు దొరుకుతుంటే, ఏఎం4 మీద రైజెన్ 5 5600 పెట్టుకుని మిగిలిన డబ్బు కార్డ్‌కి వేయి. నాలుగేళ్ల తర్వాత మొత్తం మార్చాలని తెలిసి చేస్తున్నావు కాబట్టి ఇబ్బంది లేదు.

చివరిది, వెనకాల చెయ్యెత్తారు, చెప్పండి.

("మీరు ఇన్ని చెప్పారు, నేను పోయిన నెలే రెడీమేడ్‌ది కొనేశాను. ఇప్పుడేం చేయాలి?")

(నవ్వులు) ఏం పర్లేదండీ, ముందు పైసా ఖర్చు లేనివి చూసుకుందాం. మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారో చూడండి, మదర్‌బోర్డ్‌కి పెట్టి ఉంటే తీసి కిందనున్న గ్రాఫిక్స్ కార్డ్‌కి పెట్టండి, నవ్వకండి, చాలామంది ఇలాగే ఆడుతుంటారు. 144 హెర్ట్జ్ మానిటర్ అయితే విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూడండి, 60 దగ్గరే ఆగి ఉండొచ్చు. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే ర్యామ్ వేగం సెట్టింగ్ ఆన్ చేయండి, అది చేయకపోతే 6000 వేగం ఉన్న డీడీఆర్5 ర్యామ్ 4800 దగ్గరే నడుస్తుంది. తర్వాత పక్క తలుపు తెరిస్తే వారంటీ పోతుందేమో కాగితాల్లో చదివి, పోదంటే తెరిచి ర్యామ్ ఒక స్టిక్కే ఉందేమో చూడండి, ఒకటే ఉంటే అదే మోడల్ ఇంకోటి తెచ్చి పెట్టండి. గ్రాఫిక్స్ కార్డ్ మార్చాలనిపించిన రోజు ముందు ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ మీద ఆ 12 వోల్టుల గడి చదవండి. ఒకవేళ ఎస్‌ఎంపీఎస్ మారుస్తుంటే పాతదాని వైర్లు అలాగే ఉంచి కొత్తదానికి తగిలించకండి, పిన్నులు చూడ్డానికి ఒకేలా ఉన్నా కంపెనీ కంపెనీకీ లోపలి వరుస వేరుగా ఉంటుంది, ఎస్‌ఎస్‌డీలు, బోర్డులు కాలిపోతాయి. కొత్త డబ్బాలో వచ్చిన వైర్లే వాడండి.